రోగి బంధువుల వల్ల ఆలస్యం

ఆరేళ్లుగా నాలుగు మాటలు మోస్తున్నాను. అవి నేను రాసినవి కూడా కావు. కంప్యూటర్ తెర మీద ఒక జాబితాలో ముందే ఉన్నాయి. నేను చేసిందల్లా బాణం గుర్తును వాటి మీదికి తీసుకుపోయి ఒక్కసారి నొక్కడం. అంత చిన్న పని. ఆ చేత్తోనే ఆరేళ్లుగా అన్నం తింటున్నాను, మా పిల్లకు జడ వేస్తున్నాను, బస్సులో కమ్మీ పట్టుకుని నిలబడుతున్నాను. మొన్నటిదాకా ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు ఇప్పటికీ చెప్పలేదు. మీకు చెబుతున్నానంటే మీరు నా మొహం చూడలేరు కాబట్టి. ఇందులో నా ధైర్యం ఏమీ లేదు.

నా పేరు రాయను. మిగతావాళ్ల పేర్లు మార్చాను. పుట్టింది సిరిసిల్లలో. ఇంట్లోనే బట్ట నేసే సాంచాలు నడిచేవి. ఆ చప్పుడులో పెరిగిన దాన్ని కాబట్టి ఎంత గోలలోనైనా అవతలి మాట పట్టుకోగలను. ఉద్యోగం ఇచ్చేటప్పుడు మా సారు దాన్నే మెచ్చుకున్నాడు. అత్తగారి ఊరు కోరుట్ల. ఉద్యోగం జగిత్యాలలో, మూడు జిల్లాల్లో పదకొండు అంబులెన్సులు తిప్పే ఒక చిన్న సంస్థలో. ఆ సంస్థ పేరు కూడా వద్దులెండి. తప్పు నాది.

మా పని మీకు కొంచెం చెప్పాలి, లేకపోతే నేను చేసింది అర్థం కాదు. ఫోన్ ఎత్తడం, ఏమైందో అడగడం, ఊరూ గుర్తులూ రాసుకోవడం, దగ్గర్లో ఖాళీగా ఉన్న బండిని పంపడం. పెద్ద పట్నాల్లో ఫోన్ ఎత్తేవాళ్లు వేరు, బండి పంపేవాళ్లు వేరు అంటారు. మా దగ్గర రెండు పనులకూ ఒకటే కుర్చీ. బండి బయలుదేరిందని ఒక మీట నొక్కాలి. రోగి దగ్గరికి చేరిందని ఒకటి. రోగిని ఎక్కించుకుని కదిలిందని ఒకటి. ఆసుపత్రి చేరిందని ఒకటి. డ్రైవర్ ఫోన్ చేసి చెబుతాడు, మేము ఇక్కడ నొక్కుతాం. రోగి దగ్గరికి చేరిన మీటను మేము సీన్ అంటాం.

పల్లెటూరి కేసైతే ఇరవై అయిదు నిమిషాల్లో సీన్ పడాలి. దాటితే తెర మీద ఆ కేసు ఎర్రబడుతుంది. ఎర్రబడ్డ కేసులన్నీ వారం చివర కాగితం మీదికి ఎక్కుతాయి. డ్రైవర్‌కూ తిట్లు, మాకూ తిట్లు. అందుకని మాలో మాకు ఒక అలవాటు ఉండేది. బండి ఊరి దరిదాపులకు వచ్చిందంటే చాలు, డ్రైవర్ ఫోన్ చేసి సీన్ కొట్టమనేవాడు, మేము కొట్టేసేవాళ్లం. ఇంకా రెండు కిలోమీటర్లు ఉన్నా, మూడున్నా సరే. ఎలాగూ చేరుతుంది కదా. వందసార్లు చేశాను. వందసార్లూ బండి చేరింది. ఎవరికీ ఏ నష్టమూ జరగలేదు. అది అబద్ధమని కూడా నాకు ఎప్పుడూ అనిపించలేదు, నిజం చెప్పాలంటే అది మా మధ్య మంచితనంలా ఉండేది, నువ్వు నన్ను కాపాడితే నేను నిన్ను కాపాడతాను అన్నట్టు.

ఆ రోజు యాసంగి, అంటే ఎండాకాలపు వరి, కోతలు జరుగుతున్నాయి. మధ్యాహ్నం ఒంటిగంటా పది నిమిషాలకు ఫోన్ వచ్చింది. రుద్రంగి అవతల గుట్టల పక్కనున్న ఊరు. మాట్లాడింది ఒక పెద్దాయన. ఆయన్ని రాజలింగం అంటాను. కోడలు వడ్ల కుప్ప మీది టార్పాలిన్ ఎత్తుతుంటే కింద నుంచి పాము కరిచింది. కుడిచేతి మీద. నాగుపామే, కళ్లారా చూశాడు. కరిచి పది నిమిషాలు కూడా కాలేదు. కోడలి పేరు లత అనుకోండి, ముప్పై ఏళ్లు కూడా లేవు. కొడుకు నరేష్ గల్ఫ్‌లో ఉన్నాడు. నాలుగేళ్ల మనుమరాలు ఉంది. ఇవన్నీ నేను అడగలేదు. కంగారులో మనుషులు అన్నీ చెప్పేస్తారు.

పాము కరిచిందని ఫోన్ చేసేవాళ్లలో సగంమంది గంట గడిచాకే చేస్తారు. ముందు మంత్రం వేసేవాళ్ల దగ్గరికి పోతారు, అది కుదరక మా దగ్గరికి వస్తారు. ఈయన అట్లా చేయలేదు. మొదటి ఫోనే మాకు చేశాడు. అది నేను అప్పుడే గమనించాను. మంచి పని చేశావు బాపూ అని కూడా అన్నాను. కావాలనే ఈ మాట ఇక్కడ రాస్తున్నాను. తర్వాత ఏం జరిగినా, ఆయన ఆలస్యం చేయలేదని నాకు మొదటి నిమిషం నుంచీ తెలుసు.

రుద్రంగి దగ్గర ఉండాల్సిన బండి రోగిని దింపడానికి జగిత్యాల వచ్చి ఉంది. కోరుట్ల బండిని పంపాను. డ్రైవర్‌ను సాయిలన్న అంటాను. బండి తోలడంలో అతన్ని మించినవాడు లేడు. ఇంకో బండి చందుర్తి వైపు ఉంది కానీ అప్పుడే ఒక కేసు దింపింది, లోపల కడుగుతున్నారు. ఎప్పటికి ఖాళీ అవుతుందో తెలియదు. ఆగకుండా కోరుట్ల బండిని పంపడమే సరైన పని. అక్కడిదాకా నేను చేసింది ఏదీ తప్పు కాదు.

ఒంటిగంటా ముప్పై మూడుకు సాయిలన్న ఫోన్ చేశాడు. కథలాపూర్ దాటామన్నాడు. దారి పొడుగునా వడ్లు ఆరబోశారు, సగం రోడ్డే మిగిలింది, స్పీడు కుదరడం లేదన్నాడు. సీన్ కొట్టు చెల్లె అన్నాడు. ఇంకా ఏడెనిమిది కిలోమీటర్లు ఉంది. ఎప్పుడూ అంత ముందు కొట్టలేదు. ఇంకో రెండు నిమిషాల్లో కేసు ఎర్రబడుతుంది. ముందు వారమే నా పక్క కుర్చీలో కూర్చునే ఆమెను మూడు ఎర్ర కేసులకు సారు అందరి ముందూ నిలబెట్టి అడిగాడు. మర్నాటి నుంచి ఆమె రాలేదు. నేను పదకొండు రోజులుగా సెలవు లేకుండా పని చేస్తున్నాను. చెవులు గింగురుమంటున్నాయి. ఇవన్నీ కారణాలేనా? ఆరేళ్లుగా వీటిని వరసగా పేర్చుకుని చూస్తూనే ఉన్నాను. ఎన్ని పేర్చినా, వేలు మాత్రం నాదే. సీన్ కొట్టాను.

మూడు నిమిషాలకు మళ్లీ సాయిలన్న ఫోన్. ఈసారి గొంతు వేరుగా ఉంది. ఎదురొచ్చిన లారీకి దారి ఇవ్వబోయి పక్కకు తీశాడట. వడ్లు రోడ్డు మీదికి జారకుండా అంచున పెద్ద పెద్ద రాళ్లు పెడతారు కదా. ముందు టైరు రాయి మీదికి ఎక్కి చీలిపోయింది. స్టెప్నీ దించి చూస్తే దాంట్లో గాలి లేదు. ఎవరో మోటార్ సైకిల్ మీద దాన్ని గాలి కొట్టించడానికి కథలాపూర్ తీసుకుపోయారు.

అప్పుడు ఏం చేయాలో నాకు బాగా తెలుసు. చందుర్తి బండి ఖాళీ అయింది, తెర మీద పచ్చగా కనిపిస్తోంది. పంపితే పావుగంటలో చేరుతుంది. కానీ ఒకసారి సీన్ పడ్డ కేసుకు ఇంకో బండి పంపడం కుదరదు. సారు వచ్చి తన పాస్‌వర్డ్ కొట్టి ఆ సీన్ తీసేయాలి. తీసేయాలంటే ముందే ఎందుకు కొట్టావని అడుగుతాడు. సారు పక్కగదిలో టిఫిన్ డబ్బా విప్పుకుని కూర్చున్నాడు. తలుపు తెరిచే ఉంది. పప్పుచారు వాసన నా దాకా వస్తోంది. లేచి పది అడుగులు వేస్తే చాలు. నేను లేవలేదు. అతను తినడం అయ్యాక చెబుదాం అనుకున్నాను. టైరు ఈలోపే వచ్చేస్తుందేమో అనుకున్నాను. ఆ రెండు ఆలోచనల మధ్య కూర్చుని తెర వైపు చూస్తూ ఉండిపోయాను.

అంతలో రాజలింగం మళ్లీ ఫోన్ చేశాడు. ఆ సంభాషణ నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"బిడ్డా, బండి ఏడిదాంక అచ్చింది? మా కోడలికి కండ్లు మూతలు వడుతున్నయి. మాట ముద్దముద్దగ అస్తున్నది."

"అస్తున్నది బాపూ. దగ్గరికే అచ్చింది."

"పక్కింటోల్ల ట్రాలీ ఆటో ఉన్నది బిడ్డా. ఎక్కిచ్చుకోని ఎదురుంగ అస్తం. తొవ్వల యాడనన్న కలుస్తం గదా?"

ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్లు సరైన మాట. ఎదురు పోతే పది పదిహేను నిమిషాల్లో బండి దగ్గరికి చేరేవాళ్లు. బండి కదలకపోయినా అందులో ఆక్సిజన్ ఉంది, ఊపిరి అందించే సామాను ఉంది, చేయి తిరిగిన టెక్నీషియన్ ఉన్నాడు. కానీ వాళ్లు ఎదురుపోతే బండి టైరు లేకుండా ఏడు కిలోమీటర్ల అవతల నిలబడి ఉండడం కళ్లారా చూస్తారు. అది నా బుర్రలో మెరిసిందా, లేదా? మెరిసింది. అరక్షణమే మెరిసింది కానీ, మెరిసింది.

"వద్దు బాపూ," అన్నాను. "కదిలియ్యకుండ్రి. కదిలిస్తే విషం పైకెక్కుతది. పండవెట్టే ఉంచుండ్రి. బండి మీ ఊరి కాడనే ఉన్నది."

"ఆగుమంటవా మరి?"

"ఆగుండ్రి."

"నువ్వు అన్నవంటే ఆగుత తియ్ బిడ్డా," అన్నాడాయన.

పాము కరిచినవాళ్లను కదలనీయకూడదన్నది నిజమే. మాకు నేర్పిన మాటే. అందుకే అది అంత సులువుగా నోట్లోంచి వచ్చింది. మొత్తం అబద్ధమే చెప్పి ఉంటే నా గొంతు తడబడేది, ఆయన కనిపెట్టేవాడేమో. నిజంలో చుట్టి ఇచ్చాను కాబట్టి నమ్మాడు.

బండి ఆ ఊరు చేరేసరికి రెండు గంటలా తొమ్మిది నిమిషాలు. మొదటి ఫోన్ వచ్చి అప్పటికి దాదాపు గంట. లతకు కళ్లు పూర్తిగా మూతలు పడ్డాయి, ఊపిరి ఎగదన్నుకుంటోంది. వాళ్లు ఎదురుచూస్తున్నంతసేపూ ఆ ఊళ్లో మంత్రం వేసే ముసలాయన ఎవరూ పిలవకుండానే వచ్చి, ఆమె మణికట్టుకు దారం కట్టి, వేపాకు నూరి పూశాడట. రాజలింగం వద్దనలేదు. వద్దనడానికి ఆయన చేతిలో ఇంకేం మిగిలింది? నేను ఆగమన్నాను, ఆయన ఆగాడు, ఆగి ఉన్నవాడి దగ్గరికి ఎవరొచ్చి ఏం చేస్తానన్నా కాదనలేకపోయాడు.

రెండు గంటలా పద్నాలుగుకు బండి కదిలిందని సాయిలన్న చెప్పాడు. మీట నొక్కాను. వెంటనే తెర మీద చిన్న పెట్టె ఒకటి వచ్చింది. సీన్ పడిన తర్వాత బండి నలభై ఒక్క నిమిషాలు అక్కడే ఉంది, ఎందుకు ఆలస్యమైంది, కారణం ఎంచుకోండి అని. ఎంచుకోకపోతే పెట్టె మూసుకోదు. కింద ఏడు కారణాలు. దారి ఇరుకు అని ఒకటి. రోగి పరిస్థితి అని ఒకటి. పోలీసుల కోసం అని ఒకటి. చివర ఇతరం అని ఉంటుంది, దాన్ని నొక్కితే ఏమిటో మన మాటల్లో రాయాలి. నాలుగోది, రోగి బంధువుల వల్ల ఆలస్యం.

అందరం ఎప్పుడూ దాన్నే నొక్కేవాళ్లం. నిజంగానే బంధువులు ఆలస్యం చేస్తారు. ఆధార్ కార్డు వెతుకుతారు, చీర మార్చుకుంటారు, పెద్దకొడుకు వచ్చేదాకా ఆగమంటారు. పైగా వాళ్లు వచ్చి మా తెర చూడరు, కాదని చెప్పరు. దారి ఇరుకు అంటే సారు మ్యాపులో చూస్తాడు. ఇతరం అంటే నేను రాయాలి. నాలుగోది అంటే ఎవరూ ఏమీ అడగరు. నొక్కాను. పెట్టె మూసుకుంది. నేను మంచినీళ్లు తాగి తర్వాతి ఫోన్ ఎత్తాను. కోరుట్లలో ఎవరికో మెట్ల మీద కాలు విరిగింది.

లత కోరుట్ల ఆసుపత్రి చేరకముందే పోయింది. ఆ మాట సాయిలన్నే ఫోన్‌లో చెప్పాడు. ఆ వెంటనే, "మునిగితే ఇద్దరం మునుగుతం చెల్లె, నోరు మెదపకు," అన్నాడు. నేను మెదపలేదు. అతను చెప్పాడని కాదు. అతను చెప్పకపోయినా మెదిపేదాన్ని కాదు.

నరేష్ గల్ఫ్ నుంచి వచ్చాడు. దినాలు అయ్యాక మా ఆఫీసుకు వచ్చాడు. నేను అతన్ని అద్దం అవతల నుంచి చూశాను. గడ్డం పెరిగి, చేతిలో ఒక ప్లాస్టిక్ కవర్‌తో నిలబడి ఉన్నాడు. అంబులెన్సు గంట ఆలస్యంగా వచ్చిందని మా నాయన అంటున్నాడు, నిజమేనా అని సారును అడిగాడు. గొడవ చేయలేదు. తెలుసుకుందామని అడిగాడు, అంతే. సారు కేసు కాగితం ప్రింటు తీసి అతని చేతికిచ్చాడు. ఫోన్ వచ్చింది ఒంటిగంటా పది. బండి చేరింది ఒంటిగంటా ముప్పై మూడు. కదిలింది రెండు గంటలా పద్నాలుగు. ఆలస్యానికి కారణం, ఆ నాలుగు మాటలు. సారుకు అసలు సంగతి తెలియదు. అతను కాగితాన్ని నమ్మాడు. నరేష్ ఆ కాగితాన్ని ముందు గబగబా చదివి, మళ్లీ మొదటి నుంచి మెల్లగా చదివాడు. భార్య చేతికి కట్టిన దారాన్ని, వేపాకు పూతను అతను ఆసుపత్రి కాగితాల్లో అప్పటికే చదివి ఉన్నాడు. రెండింటినీ కలుపుకున్నాడు. ఇంటి ముందు బండి నలభై నిమిషాలు నిలబడి ఉంటే, తండ్రి మంత్రం వేయిస్తూ కూర్చున్నాడు. కాగితం చూసిన ఎవరైనా అలాగే అనుకుంటారు.

నేను అద్దం ఇవతల హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చునే ఉన్నాను. ఆ నిమిషంలో ఫోన్ కూడా ఏదీ లేదు. ఖాళీగానే ఉన్నాను. లేచి వెళ్లి చెప్పొచ్చు. ఎందుకు లేవలేదు? భయం అంటే సరిపోతుంది కదా అనుకుంటాను, కానీ అంతా భయం కాదు. అతను ఆ కాగితాన్ని మడిచి కవర్‌లో పెట్టుకుని వెళ్లిపోతుంటే నాకు హాయిగా అనిపించింది. అవును, హాయి. గండం గడిచిందన్న హాయి. నా తప్పుల్లో అన్నిటికన్నా దీన్ని రాయడమే కష్టంగా ఉంది.

మా ఫోన్లన్నీ రికార్డవుతాయి. మూడు నెలల తర్వాత వాటంతట అవే చెరిగిపోతాయి. ఆ మూడు నెలలూ నేను వంటింట్లో క్యాలెండర్ మీద రోజులు కొట్టేసుకుంటూ వచ్చాను. మా ఆయన అడిగితే గ్యాస్ బండ ఎన్నాళ్లొస్తుందో చూస్తున్నానన్నాను. ఎవరూ ఆ రికార్డు అడగలేదు. తొంభయ్యో రోజు దాటాక, ఆగుత తియ్ బిడ్డా అన్న గొంతు ఈ లోకంలో నా చెవిలో తప్ప ఇంకెక్కడా లేకుండా పోయింది.

ఇంకా ఉంది. ఇక్కడితో ఆపేస్తే నేను ఒక్క రోజు తప్పు చేసినదాన్ని అవుతాను. అదీ అబద్ధమే.

ఎనిమిది నెలల తర్వాత ఒక పొద్దున ఫోన్ ఎత్తితే రాజలింగం. మొదటి మాటకే గుర్తుపట్టాను. ఎవరికీ ఏమీ కాలేదట, ఒక మాట అడుగుదామని చేశాడట. ఆ రోజు తనతో మాట్లాడిన ఆడపిల్ల ఎవరో కావాలన్నాడు. కొడుకు ఫోన్ ఎత్తడం లేదు. మనుమరాలిని లత తల్లిగారి ఊరు ముస్తాబాద్ తీసుకుపోయారు, చూడడానికి పోతే వాకిట్లోంచే పంపేశారు. "ఆటో ఉన్నది, అస్తమంటే ఆ బిడ్డనే ఆగుమన్నది. గా ఒక్క మాట మా నరేషుకు చెప్పుమనుండ్రి. నా మాట నమ్మడు, పక్కింటోల్లు చెప్పినా నేనే చెప్పిచ్చిన్నంటడు, ఆ బిడ్డ చెప్తే నమ్ముతడు," అన్నాడు.

నేను మా యాస వదిలేశాను. శిక్షణలో నేర్పిన తెలుగులోకి, పుస్తకంలో ఉన్నట్టుండే తెలుగులోకి మారిపోయాను. నన్ను గుర్తుపట్టకూడదని. "ఆ ఉద్యోగిని ఇప్పుడు ఇక్కడ పనిచేయడం లేదండి. ఇది అత్యవసర సేవల నంబరు, దయచేసి పెట్టేయండి," అన్నాను.

"సరే మేడం," అన్నాడు.

ఆ ఫోన్‌కు కూడా తెర మీద కారణం ఎంచుకోవాలి. అనవసరపు కాల్ అని ఎంచుకున్నాను.

తర్వాత అయిదేళ్లు గడిచాయి. సీన్ మీట ఇప్పుడు లేదు. బండి ఎక్కడుందో దానంతట అదే తెలిసిపోతుంది, ఎవరూ ముందే కొట్టలేరు. కొత్తగా వచ్చినవాళ్లకు ఆ అలవాటు ఒకటి ఉండేదని కూడా తెలియదు. సాయిలన్న ఉద్యోగం మానేసి స్కూలు బస్సు నడుపుతున్నాడు. ఎప్పుడైనా కోరుట్ల బస్టాండులో ఎదురైతే పిల్లల గురించి మాట్లాడుకుని విడిపోతాం. నేను రోజుకు నూరు ఫోన్లు ఎత్తుతాను, అడగాల్సినవి అడుగుతాను, ఇంటికొచ్చి పడుకుంటాను. అలసట అనేది పనివల్లే వస్తుందని అందరూ అనుకుంటారు. నేనూ అలాగే చెబుతాను.

ఇప్పుడెందుకు చెబుతున్నావని మీరు అడగొచ్చు. మూడు వారాల కింద మా చిన్నమ్మ కూతురి కొత్తింటికి ముస్తాబాద్ వెళ్లాను. భోజనాల దగ్గర ఒక పాప వడ్డిస్తోంది. పదేళ్లు ఉంటాయి. చురుకైన పిల్ల. అడక్కుండానే నా విస్తట్లో రెండోసారి పప్పు వేసింది. ఎవరి పిల్ల అని పక్కామెను అడిగాను. తల్లి లేదు, తండ్రి గల్ఫ్‌లో ఉంటాడు, అమ్మమ్మ దగ్గర పెరుగుతోంది, రుద్రంగి దిక్కు పిల్ల అంది. తల్లికి ఏమైందని పక్కామె చెప్పబోయేలోపే ఆ పాప చెప్పింది. ఏడుస్తూ కాదు, ఎక్కాలు ఒప్పజెప్పినట్టు చెప్పింది. "మా అమ్మకు పాము కరిసింది. అంబులెన్స్ అచ్చి వాకిట్ల నిలవడ్డా మా తాత పంపలేదంట. మంత్రం ఏయిచ్చిండంట. గందుకే సచ్చిపోయింది."

నేను నొక్కిన నాలుగు మాటలు ఆ పిల్ల నోట్లో అలా పెరిగి ఉన్నాయి. చేయి కడుక్కుని, తలనొప్పి అని చెప్పి, మధ్యాహ్నం బస్సుకే వెనక్కి వచ్చేశాను.

ఆ మరుసటి ఆదివారం రుద్రంగి బస్సెక్కాను. అక్కడి నుంచి ఆటో. రాజలింగం ఇల్లు చూపించమంటే ఒకామె చేత్తో చూపించింది కానీ వెంట రాలేదు. ఆయన పెరట్లో చిక్కుడు తీగను పందిరికి ఎక్కిస్తున్నాడు. మనిషి బాగా వంగిపోయాడు. ఆయన్ని చూడడం నాకు అదే మొదటిసారి. ఎవరో ఆఫీసు మనిషిని అనుకుని మంచం వాల్చాడు, చెంబుతో నీళ్లు తెచ్చిచ్చాడు. తాగాక చెప్పాను. నిలబడే చెప్పాను. బండి ఎక్కడ ఆగిందో, నేనేం నొక్కానో, ఎందుకు ఆగమన్నానో, ఆయన ఫోన్ చేసి అడిగినప్పుడు మాట్లాడిన మేడం ఎవరో. చెబుతూ ఏడ్చాను. దారంతా ఏడవకూడదని అనుకుంటూనే వచ్చాను.

ఆయన తిట్టలేదు. ఏడవలేదు. నా మాటలు అయిపోయేదాకా చేతిలో తీగ పట్టుకునే విన్నాడు. తర్వాత అన్నాడు, "ఇదంత నాకు చెప్తవేంది? నేనాడనే ఉంటి గదా. నువ్వు ఆగుమన్నది నాకెర్కనే. నేను ఆగింది నాకెర్కనే. ఎర్క లేనోనికి చెప్పు."

లోపలికి వెళ్లి ఫోన్ తెచ్చాడు. కళ్లకు దూరంగా పట్టుకుని, వేలితో తడుముకుంటూ కొడుకు నంబరు తీశాడు. రాసుకోమన్నాడు. రాసుకున్నాను. ఇక పో అనలేదు, కూర్చో అనలేదు. తీగ దగ్గరికి పోయాడు. నేను కాసేపు అక్కడే నిలబడి, వచ్చేశాను.

క్షమిస్తాడని వెళ్లానా? వెళ్లేటప్పుడు కాదనే అనుకున్నాను. తిరిగొచ్చే ఆటోలో తెలిసింది, దానికే వెళ్లానని. సంగతి ముందే తెలిసినవాడి కాళ్ల మీద పడడం సులువు. తెలియనివాడికి చెబితేనే ఏదైనా మారుతుంది, నాకు కూడా ఏదైనా అవుతుంది. అందుకే ఆరేళ్లూ అటువైపు పోలేదు, ఆ రోజు కూడా ముసలాయన దగ్గరికే పోయాను.

నంబరు చేతికొచ్చాక కూడా తొమ్మిది రోజులు ఊరికే ఉన్నాను. రెండుసార్లు ఫోన్ చేసి, మోగకముందే పెట్టేశాను. ఉద్యోగం పోతుంది, పోనీ. కేసు అవుతుందేమో, కానీ. అతను మా ఇంటికి వస్తే మా పిల్ల ముందు ఏం చెప్పను?

నిన్న సాయంత్రం డ్యూటీ అయ్యాక, జగిత్యాల బస్టాండులో ఒక పక్కకు నిలబడి, అతనికి వాట్సాప్‌లో గొంతు రికార్డు చేసి పంపాను. మా యాసలోనే మాట్లాడాను. చెప్పింది ఇంతే.

"నరేష్, నేను నీకు ఎవలో ఎర్క లేదు. మీ ఇంటామెకు పాము కరిసిన నాడు అంబులెన్స్ ఫోన్ ఎత్తింది నేనే. మీ నాయిన జర్ర గూడ లేటు చెయ్యలే. కరిసిన పది నిమిషాలల్లనే ఫోన్ చేసిండు. బండి రాకముందుకే అచ్చిందని కాయితంల వెట్టింది నేను. ఆటో ఉన్నది, ఎదురుంగ అస్తమని మీ నాయిన అన్నడు. నేనే వద్దన్న. నీకిచ్చిన కాయితంల మీవోల్లు లేటు చేసిండ్రని ఉంటది, అది నేను వెట్టిన అబద్ధం. ఆ మంత్రపాయినె బండి కోసం చూసుకుంట కూసున్నప్పుడు అచ్చిండు. మీ నాయిన బండిని ఆపలే. ఎవల ముందట చెప్పుమన్నా అచ్చి చెప్త."

విన్నట్టు గుర్తు రాత్రికే పడింది. జవాబు రాలేదు. ఇది రాస్తున్నప్పటికీ రాలేదు. అతను తండ్రికి ఫోన్ చేశాడో లేదో నాకు తెలియదు, అడిగే మొహం నాకు లేదు. ఆ పాప ఇవాళ కూడా ఎవరికో అదే కథ ఒప్పజెబుతూ ఉండొచ్చు. నా వల్ల పోయిన మనిషి పోయింది. వీటిలో ఏదీ తేలిక కాలేదు. కానీ ఆరేళ్లుగా అసలు నిజం నాకూ, సాయిలన్నకూ, తన మాట ఎవరూ నమ్మరని తెలిసిన ఒక ముసలాయనకూ తప్ప ఇంకెవరికీ తెలియదు. నిన్న సాయంత్రం నుంచి ఆయన కొడుక్కి తెలుసు.